నట్టల మందు మూడుసార్లు వేసినా గాడిదలు తేరుకోవట్లేదు. లోపం మందులోనా, వేసే తీరులోనా?

కందుకూరు షెడ్డు:
అందరికీ నమస్కారం. పాల కోసం పెంచుతున్న మంద ఇది. 11 ఆడ గాడిదలు (5 పాల మీద, 4 చూడివి, 2 వట్టివి), 1 మగది, 4 పిల్లలు. పగలంతా షెడ్డులో ఉంటాయి, సాయంత్రం మూడు గంటలు చెరువు గట్టు మీద మేస్తాయి, పక్కనే గేదెలు కూడా. పచ్చిమేత మొత్తం మా 40 సెంట్ల సూపర్ నేపియర్ గడ్డి నుంచే, పిలకల కోసం నేల మట్టానికి కోసి, ముక్కలు చేసి తొట్టిలో పోస్తాం. షెడ్డు కడిగిన నీళ్లు పైపులో నేరుగా ఆ మడికే పోతాయి, ఎరువు ఖర్చు లేదు.

ఇప్పటిదాకా వేసినవి: జనవరిలో ఆల్బెండజోల్ ద్రావణం తొట్టిలో దాణాకి కలిపి అన్నింటికీ. మే చివర్లో మళ్లీ అదే. జులైలో ఐవర్‌మెక్టిన్ 1% ఇంజెక్షను, గేదెల లెక్కన 50 కిలోలకు 1 మి.లీ., అంటే అందాజాగా ఒక్కోదానికి 2 మి.లీ. రెండింటికి మెడ మీద గడ్డ కట్టి వారం రోజులు తగ్గలేదు.

ఇప్పుడున్న ఇబ్బందులు: ఆరింటికి తోక మొదట్లో దురద, గోడకి రుద్దీ రుద్దీ వెంట్రుకలు ఊడిపోయాయి. రెండు బాగా తింటున్నా ఎముకలు తేలాయి. నాలుగు నెలల పిల్ల ఒకటి కుండలా పొట్టేసుకుని, బొచ్చు గరుకుగా ఉంది. చెవుల్లో, తోక కింద గోమార్లు. గేదెల కోసం తెచ్చిన అమిట్రాజ్ 12.5% సీసా ఉంది, లీటరుకు 2 మి.లీ. కలిపి రేపు పొద్దున కొడదామని.

ఏ మందుకి మారాలి? ఎన్ని నెలలకోసారి వేయాలి? పాల సంగతేమిటి?

వెట్_అనంత:
ముందు ఆ అమిట్రాజ్ సీసాని గేదెల అలమారులో పెట్టి తాళం వేయండి. గుర్రాలకీ గాడిదలకీ అది పనికిరాదు. పెద్దపేగు కదలిక ఆగిపోతుంది, లద్దె లోపలే గట్టిపడి అడ్డుపడుతుంది, రెండు మూడు రోజుల్లో కడుపునొప్పితో పడిపోతాయి. గేదెకి పడింది కదా అని గాడిదకి పడదు.

గోమార్లకు డెల్టామెత్రిన్ 1.25% చాలు. లీటరు నీటికి 2 మి.లీ., ఒక్కో గాడిదకి లీటరు నుంచి లీటరున్నర. చెవి లోపల స్ప్రే కొట్టకండి. చేతికి తొడుగు వేసుకుని, గుడ్డ ముంచి పిండి, చెవి లోపలి అంచులూ తోక కిందా తుడవండి. పొదుగు జోలికి పోవద్దు, పిల్ల నాకుతుంది. మిగిలిన ద్రావణం చెరువులో పారబోస్తే చేపలు చస్తాయి. రెండు వారాలకి ఇంకోసారి. అయితే ఒంటి మీద ఉన్నవి చచ్చినంత మాత్రాన అయిపోదు. కడుపు నిండిన ఆడ గోమారి రాలిపోయి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ పగుళ్లు సున్నం సిమెంటుతో పూడ్చండి. గోమార్లున్న మందలో ఏదైనా జ్వరంతో చిగుళ్లు పాలిపోయో పచ్చబడో కనిపిస్తే, లేదా మూత్రం కాఫీ రంగులో వస్తే, నట్టల మందు సంగతి పక్కన పెట్టి ముందు రక్తపు స్లైడు తీయించాలి.

ఇక ఇంజెక్షను. ఈ జాతికి ఐవర్‌మెక్టిన్ నోటి ద్వారానే ఇవ్వాలి. చర్మం కింద పొడిస్తే మీరు చూసిన గడ్డలే వస్తాయి, ఒక్కోసారి ఆ చోట క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా చేరి కండ కుళ్లుతుంది. మీవి గడ్డతోనే బయటపడ్డాయి, అదృష్టమే.

మోతాదు కిలోకి 0.2 మి.గ్రా. గుర్రాల పేస్టు 1.87%, 6.42 గ్రాముల ట్యూబులో 120 మి.గ్రా. మందు ఉంటుంది, అంటే 600 కిలోలకు. 120 కిలోల గాడిదకి 24 మి.గ్రా., ట్యూబులో ఐదో వంతు. పేస్టు దొరక్కపోతే 100 మి.గ్రా. బోలస్‌లో (పశువుల పెద్ద మాత్ర) పావు ముక్క పొడి చేసి, బెల్లం నీళ్లలో కలిపి, సూదిలేని పెద్ద సిరంజితో ఇవ్వొచ్చు, మీ డాక్టరు రాసిస్తేనే.

కానీ మీ గాడిద 120 కిలోలని ఎవరు చెప్పారు? చూపుతో చెప్పే బరువు ఎప్పుడూ తప్పే. టేపుతో ముందుకాళ్ల వెనక, ఛాతీ చుట్టూ కొలవండి, ఊపిరి వదిలినప్పుడు. పెద్దవాటికి ఇంచుమించుగా: 95 సెం.మీ. ఉంటే 80 కిలోలు, 100కి 91, 105కి 104, 110కి 117, 115కి 132, 120కి 148. పది సెంటీమీటర్ల తేడాకి పాతిక, ముప్పై కిలోలు మారిపోతోంది చూడండి. అందరికీ ఒకే 2 మి.లీ. అన్నారంటే పెద్దవాటికి మందు తక్కువ పడింది, చిన్నదానికి ఎక్కువైంది. చూడిదైతే పొట్ట పెరిగినా ఛాతీ కొలత నమ్మొచ్చు.

తొట్టిలో కలపడం ఇంకా ఘోరం. పెత్తనం చేసే రెండు గాడిదలు మూడు వాటాలు తింటాయి, వెనక నిలబడేదానికి వాసనే మిగులుతుంది. తక్కువ మోతాదు పడిన గాడిదలో మొండి నట్టలే బతికి గుడ్లు పెడతాయి. ఒక్కోదాన్ని కట్టి, నోట్లో మేత లేకుండా చూసి, ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీలోంచి సిరంజి పెట్టి, నాలుక వెనకాల వదలాలి. మింగేదాకా గడ్డం పైకెత్తి పట్టుకోవాలి. గాడిద పేస్టుని బుగ్గలో దాచుకుని, మీరు అటు తిరగ్గానే ఉమ్మేస్తుంది. నేల మీద పడింది కుక్క నాకకుండా చూడండి.

లెవామిసోల్ అనే నట్టల మందు కలిసిన సీసాలు కూడా వద్దు. ఈ జాతిలో దాని మోతాదుకీ విషానికీ మధ్య దూరం బాగా తక్కువ. చూలు తొలి నెలల్లో ఆల్బెండజోల్ కూడా వద్దు.

స్లైడ్ నంబర్ 4:
ఏ మందు అని అడిగారు గానీ ఏ పురుగుకో చెప్పలేదు. తోక దురదకీ, ఎముకలు తేలడానికీ, పిల్ల పొట్టకీ ఒకటే కారణం అయ్యే అవకాశం తక్కువ. మూడింటికి మూడు పరీక్షలు.

ఒకటి, గుడ్ల లెక్క. గాడిద వేసిన వెంటనే, నేలకి తగలని పై భాగం నుంచి, నాలుగైదు ఉండల్లోంచి కొంచెం కొంచెం తీసుకోండి. ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా నొక్కి మూతి కట్టండి, గాడిద పేరు రాయండి, ఫ్రిజ్‌లో పెట్టండి (డీప్ ఫ్రీజర్‌లో కాదు). వేడిలో వదిలేస్తే ఒక్క రోజులోనే గుడ్లు పొదిగి లెక్క తప్పుతుంది. జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లోనో, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల పరాన్నజీవుల విభాగంలోనో చేస్తారు. మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టడానికి గీతలున్న రెండు గదుల స్లైడు), పాత మైక్రోస్కోపు ఉంటే షెడ్డులోనే చేసుకోవచ్చు. లీటరు వేడి నీటిలో దాదాపు 400 గ్రాముల ఉప్పు, అడుగున కొంచెం కరక్కుండా మిగిలేదాకా. చల్లారాక 56 మి.లీ. తీసుకుని 4 గ్రాముల లద్దె కలిపి, టీ జాలిలో వడకట్టి, రెండు గదులూ నింపండి. ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు పైకి తేలతాయి. రెండు గదుల గీతల లోపల లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకి ఇన్ని అని వస్తుంది. గంట దాటితే ఉప్పు గళ్లు కట్టి ఏమీ కనపడదు.

రెండు, తోక మొదలు. అక్కడి పిన్‌వార్మ్ ఆడది మలద్వారం బయటికొచ్చి చర్మానికి గుడ్లు అంటిస్తుంది, కాబట్టి లద్దెలో దాదాపు కనపడదు. పొద్దున కడగకముందే సెల్లోటేపు ముక్క మలద్వారం అంచుకి నొక్కి తీసి స్లైడుకి అంటించండి. ఒక పక్క చదునుగా, కొనకి మూతలాంటిది ఉన్న గుడ్లు కనిపిస్తే అదే. అవి లేకపోతే జూలు మొదట్లో వెంట్రుకలు విడదీసి ఎండలో చూడండి, లేత పసుపు పేలు మెల్లగా పాకుతుంటాయి.

మూడు, చెరువు గట్టు మేత అన్నారు, పక్కన గేదెలు అన్నారు. కార్జపు జలగ గుడ్లు బరువు, ఉప్పు నీటిలో తేలవు. ల్యాబ్‌వాళ్లకి అడుగు పేరుకునే పద్ధతిలో చూడమని విడిగా చెప్పాలి, చెప్పకపోతే చేయరు. ఆల్బెండజోల్ జలగల మీద అంతంతమాత్రమే పనిచేస్తుంది, ఐవర్‌మెక్టిన్ అసలు పనిచేయదు.

గుర్రాల సత్రం:
ఇంత పరీక్షల బాధ దేనికండీ? మూడు నెలలకోసారి మందు మార్చి మార్చి వేస్తే సరి. ముఖ్యంగా మే నెలలో, వానలకి ముందు, మందలో ఒక్కటీ వదలకుండా వేస్తే పచ్చికలోకి గుడ్డు పోదు. పరీక్ష ఖర్చుతో ఇంకో రౌండు మందు వస్తుంది.

వెట్_అనంత:
సత్రం గారూ, చలి దేశాల లెక్క వేరు, మన ఎండల లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల ఎండకి పచ్చిక మీద పిల్లపురుగులు దాదాపు మాడిపోతాయి. అంటే ఆ నెలలో నట్టలన్నీ గాడిద కడుపులోనే ఉన్నాయి, బయట ఏమీ లేదు. అప్పుడు మొత్తం మందకి మందేస్తే, తట్టుకుని మిగిలిన నాలుగు మొండివే వానలు పడగానే పొలమంతా పరుచుకుంటాయి. వాటితో కలిసి ఆ మొండితనాన్ని పలచబరిచే మామూలు పురుగు ఒక్కటీ ఉండదు. మందు చచ్చుబడాలంటే ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. మే చివర్లో కందుకూరు వారు చేసింది సరిగ్గా ఇదే, అదీ తొట్టిలో.

మార్చి మార్చి వేయడం కూడా అంతే. ఆల్బెండజోల్ తర్వాత ఫెన్‌బెండజోల్ వేస్తే మందు మారినట్టు కాదు, రెండూ ఒకే ఇంటివి.

పెద్ద గాడిదల్లో ఎక్కువ గుడ్లు రాల్చేవి కొన్నే ఉంటాయి. వాటిని పట్టుకుని వాటికే వేయాలి. జులై చివర, సెప్టెంబరు, డిసెంబరులో లెక్క తీయండి. గ్రాముకి 200 లోపున్న ఆరోగ్యమైన దాన్ని వదిలేయండి. 500 దాటితే వేయండి. మధ్యలోవి ఒంటి తీరు చూసి. రెండేళ్లలోపు పిల్లలకి ఈ సూత్రం పనికిరాదు, వాటి సంగతి వేరే.

కందుకూరు షెడ్డు:
సెప్టెంబరు మొదటి వారం ఫలితాలు. పెద్దవి 12: ఏడింటికి 200 లోపు, రెండింటికి 350, 450. మూడింటికి 1,450, 1,800, 2,150. ఆ మూడింటికే డాక్టరు ఫెన్‌బెండజోల్ 10% ద్రావణం కిలోకి 7.5 మి.గ్రా. చొప్పున, టేపు కొలిచి, నోటితో ఇప్పించారు. 14వ రోజు మళ్లీ చూస్తే 900, 1,050, 1,200. దురద ఉన్న ఆరింట్లో నాలుగింటికి సెల్లోటేపులో పిన్‌వార్మ్ గుడ్లు, రెండింటికి పేలు. ఎముకలు తేలిన వాటిలో ఒకటి ఆ 2,150ది, రెండోదానికి (వట్టిది, 110 కిలోలు) లద్దెలో జలగ గుడ్లు. పొట్ట పిల్లకి ఏలికపాము గుడ్లు బాగా ఉన్నాయట. ఆ పిల్లకి ఐవర్‌మెక్టిన్ వేసేయనా?

స్లైడ్ నంబర్ 4:
వేయకండి, ఆగండి. పిల్ల పేగుల్లో ఏలికపాములు జానెడు పొడవు, పెన్సిలంత లావు ఉంటాయి. ఐవర్‌మెక్టిన్, పైరాంటెల్ (ఇంకో నట్టల మందు) వాటిని ఒక్కసారిగా కదలకుండా చేస్తాయి. గుత్తులు గుత్తులుగా చచ్చి పేగుకి బిరడా పడుతుంది. పైగా గుర్రం పిల్లల్లో ఐవర్‌మెక్టిన్‌కి లొంగని ఏలికపాములు చాలా దేశాల్లో ఉన్నాయి. ఫెన్‌బెండజోల్ మెల్లగా చంపుతుంది, అదే మేలు. కిలోకి 10 మి.గ్రా., 60 కిలోల పిల్లకి 10% ద్రావణం 6 మి.లీ. మూడు రోజులు కనిపెట్టి ఉండండి. పాలు మానేసినా, పడుకుని లేస్తూ పొట్ట వైపు చూస్తున్నా డాక్టరుని పిలవండి. మిగతా మూడు పిల్లలకి రెండున్నర నెలల వయసులో ఒకసారి, ఐదారు నెలల వయసులో ఇంకోసారి అదే. ఏలికపాము గుడ్డు గోడకీ నేలకీ జిగురులా అంటుకుని ఏళ్ల తరబడి బతుకుతుంది. గాడిదలు ఈనే గది వేడినీళ్లతో రుద్ది కడగాల్సిందే, ఫినాయిల్ చల్లితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మీ 14వ రోజు లెక్క: ముందు సగటు 1,800, తర్వాత 1,050. తగ్గింది 42 శాతం. ఈ మందు పనిచేస్తున్న చోట 90 శాతం పైనే తగ్గాలి. మూడు గాడిదలతో లెక్క కొంచెం మొరటుదే, ఆరు ఉంటే మేలు, కానీ 42 అంటే వాదించడానికి లేదు. మీ షెడ్డులో చిన్న నట్టల (పెద్దవాటి లద్దె లెక్కలో తేలిన గుడ్లు వీటివే) మీద ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ అయిపోయాయి. పిల్ల ఏలికపాములకి మాత్రం వాడుకోండి, అది వేరే పురుగు. ఆ మూడింటికి ఐవర్‌మెక్టిన్ నోటితో ఇచ్చి, మళ్లీ 14వ రోజున చూడండి. సున్నాకి దగ్గరగా రావాలి. ఉన్న ఒక్క మంచి మందు అది. జాగ్రత్తగా ఖర్చుపెట్టండి.

ఇక అందరం దాటేసిన మాట ఒకటి మీ మొదటి పోస్టులో ఉంది, నేపియర్ మడి. షెడ్డు కడిగిన నీళ్లలో లద్దె, లద్దెలో గుడ్లు. వానాకాలపు వెచ్చని తడిలో ఆ గుడ్డు వారం లోపే మింగితే అంటుకునే దశకి వస్తుంది. పొద్దున మంచు తడిలో పురుగు గడ్డి కాడ ఎక్కుతుంది. మీరు పిలకలు బాగా వస్తాయని నేల మట్టానికి కోసి, అదే కాడ ముక్కలు చేసి తొట్టిలో పోస్తున్నారు. గాడిద తన లద్దె పడిన చోట మామూలుగా మేయదు, వాసన చూసి తప్పుకుంటుంది. తప్పుకునే వీలు లేకుండా మీరే కోసి నోటికి అందిస్తున్నారు. మే నెల మాట కూడా ఇక్కడ తిరగబడుతుంది. రోజూ తడిసే మడిలో ఎండాకాలం రానట్టే, అందుకే మీకు ఏడాది పొడుగునా నట్టలు.

గుర్రాల సత్రం:
మే సంగతి ఒప్పుకుంటున్నా. ఒక ప్రశ్న. గాడిదల పక్కన గుర్రాలు కడితే గుర్రాలకి దగ్గు వస్తుందంటారు, నిజమేనా?

వెట్_అనంత:
నిజమే, ఊపిరితిత్తుల పురుగు. గాడిద దాన్ని మోస్తూ తుమ్మనైనా తుమ్మదు, పక్కన పెళ్లి గుర్రం మాత్రం నెలల తరబడి దగ్గుతుంది. ఉప్పు నీటి పరీక్షకి సరిగ్గా దొరకదు. గుప్పెడు లద్దె పలచని గుడ్డలో మూటకట్టి, గోరువెచ్చని నీళ్లున్న గరాటులో రాత్రంతా వేలాడదీస్తే పిల్లపురుగులు అడుగుకి దిగుతాయి. ఐవర్‌మెక్టిన్‌కి లొంగుతుంది. దగ్గే గుర్రానికే వేసి గాడిదని వదిలేస్తే నెలలో మళ్లీ మొదటికే.

కందుకూరు వారికి మిగిలినవి. పిన్‌వార్మ్ ఉన్న నాలుగింటికి, మందు ఏదైనా, మూడు రోజులకోసారి గోరువెచ్చని నీళ్లతో తోక కింద తుడవాలి. దూది వాడి పారేయండి, ఒకే గుడ్డతో అన్నింటినీ తుడిస్తే మీరే అంటించినట్టు. పేలున్న రెండింటికి ఇందాక చెప్పిన డెల్టామెత్రినే, 14వ రోజు తప్పకుండా రెండోసారి, ఎందుకంటే ఈపి చావదు. జలగ ఉన్న వట్టిదానికి ట్రైక్లాబెండజోల్ కిలోకి 12 మి.గ్రా., 110 కిలోలకి 1,320 మి.గ్రా. గాడిదలకని లేబుల్ ఉండదు, డాక్టరు బాధ్యత మీద ఇవ్వాలి. గేదెలకీ పరీక్ష చేయించండి, నత్తలున్న ఆ నీటి అంచు మేత ఆపండి. ముందుకాళ్ల వెంట్రుకలకి పసుపు చుక్కల్లా ఈగ గుడ్లు కనిపిస్తే పాత బ్లేడుతో గీకేయండి.

పాలు. ఐవర్‌మెక్టిన్ కొవ్వుకి అంటుకునే మందు, పాలలోకి వస్తుంది. మనుషులు తాగే పాలిచ్చే పశువుకి వాడొద్దని సీసాల మీదే రాస్తారు, గాడిద పాలకి ఇన్ని రోజులని గడువు ఎక్కడా లేదు. మన దగ్గర ఈ పాలు పట్టేది పసిపిల్లలకి. కాబట్టి పాల మీదున్న వాటికి లెక్క బాగా పెరిగితే తప్ప వేయొద్దు. వేస్తే ఆ పాలు పిల్లకే వదలండి, మళ్లీ పిండడం ఎప్పుడన్నది డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. దీనికంటే సులువు, మందుని ఈతకి కలపడం. చూడి గాడిద ఈనిన రోజే ఒక మోతాదు. ఎలాగూ మొదటి నెల పాలన్నీ పిల్లవే. పాల ద్వారా పిల్లకి దిగే సన్న నట్ట కూడా దానితో తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. బక్కదైనా లావుదైనా, చూడిదైతే మరీనూ, గాడిద రెండు పూటలు మేత ముట్టకపోతే నట్టలని అనుకుని కూర్చోకండి. రక్తంలో కొవ్వు పేరుకుని కాలేయం దెబ్బతింటుంది, అక్కడి నుంచి వెనక్కి తేవడం కష్టం. జ్వరం వచ్చిపోతూ పొట్ట కింద నీరు దిగితే జోరీగల వల్ల వచ్చే సర్రా అనే రక్తపు జబ్బు కూడా చూడాలి.

కందుకూరు షెడ్డు:
పైపు మళ్లించి గుంట తవ్వుతున్నాం. ఇప్పుడు కోతకి వచ్చిన నేపియర్ ఏం చేయాలి? పారేయాలా?

స్లైడ్ నంబర్ 4:
గేదెలకి వేయండి. గాడిద నట్టలు గేదె కడుపులో దాదాపు అన్నీ చస్తాయి. కడుపు సన్ననట్ట ఒకటి రెంటికీ పడుతుంది, అది పెద్ద లెక్క కాదు. తర్వాతి కోత నుంచి మంచు ఆరాక కోయండి, అడుగు జానెడు వదిలి పై భాగమే గాడిదలకి. పిలకల కోసం నేల మట్టానికి కోయాల్సి వస్తే ఆ మొదళ్లు గేదెలకే.

లద్దె రోజూ పొడిగా ఎత్తాలి, కడగడం దాని తర్వాత. గట్టు మీద మేసే చోట వారానికి రెండుసార్లు, వానల్లో రోజూ. కుప్ప మీటరు ఎత్తు ఉండాలి, పలచగా పరిస్తే వేడెక్కదు. పైన పట్టా కప్పండి. పది రోజులకోసారి తిరగేసి, బయటి పొర లోపలికి పోయేలా పెట్టండి. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి, 55 డిగ్రీల పైన ఉంటే గుడ్లూ పురుగులూ చస్తాయి. రెండు నెలలయ్యాక ఆ ఎరువు నేపియర్‌కే వేసుకోవచ్చు. గుంటలో నీళ్లు మాత్రం కొబ్బరి చెట్లకో నిమ్మకో పెట్టండి, గాడిద తినేది ఏదీ ఆ నీటితో పెంచొద్దు.